తెమరి: తల్లి చేతి దారపుబంతి

పాతచీరను మనమేమి చేయుదుము? పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగ చింపుదుము, బొంత కుట్టుదుము, తుదకు మిగిలినది మసిగుడ్డ యగును. జపాను దేశపు స్త్రీలు చినిగిన కిమోనోల పేలికలను ఉండగా చుట్టి, దానిపై దారముతో చేమంతులు పూయించిరి. దానికి తెమరి యని పేరు. చేతిబంతి యని యర్థము.

తొలుత నిది గొప్పయిండ్ల స్త్రీల వేడుక. ఎడో యుగమున (1603–1868) నూలుదారము సామాన్యులకును దొరకుటతో పల్లెబిడ్డలకును ఆటబంతి యైనది. బౌద్ధసన్న్యాసియు కవియు నగు రయోకన్ (1758–1831) పిల్లలతో గూడి యీ బంతులాడి ప్రసిద్ధికెక్కెను. మెయిజీ కాలమున (1868–1912) రబ్బరుబంతులు రాగా ఆట సన్నగిల్లెను. బంతి మాత్రము కానుకగ నిలిచినది.

లోపల ఊకగాని పేలికలుగాని యుంచి, సన్ననూలును దిక్కు మార్చి మార్చి చుట్టవలెను; ఒకేవైపు చుట్టిన గుండ్రన చెడును. పిమ్మట కాగితపుపట్టీతో చుట్టుకొలత తీసి, బడిలోని భూగోళమునకు వలె రెండు ధ్రువములను, మధ్యరేఖను గుండుసూదులతో గుర్తించి, సమభాగములు చేయుదురు. ఆ గుర్తులవెంట రంగుదారములు కుట్టగా పూవు విచ్చుకొనును. కొలత వెంట్రుకవాసి తప్పినను రేకు వంకర యగును. కొందరు లోపల చిరుగంట నుంచుదురు. బిడ్డ మేలుగోరి తల్లి చీటివ్రాసి లోపల దాచుటయు గలదు. ఆ కోరిక నామె యెవ్వరికిని చెప్పదు.

కనజావా నగరమున పెండ్లికూతురికి తెమరిని రక్షగా నిచ్చుట వాడుక. తొకుగావ వంశపు బాలిక తమహిమె, 1601లో పసితనముననే మయెదావారి కోడలై వచ్చుచు, ఒక తెమరిని వెంటదెచ్చెనని యచ్చటివారు చెప్పుకొందురు. పుట్టిల్లు విడిచిన పసిదానికి ఆ బంతి యెంత యూరట యో!

ఇది తెలిసిన నాడు మాకొక పాతతప్పు తలపునకు వచ్చినది. మా తల్లిగారు గతించిన పిమ్మట ఆమె నేతచీరలను మూటగట్టి గిన్నెలవాని కిచ్చివేసితిమి. ఆ గిన్నెలో నేటికిని పాలు కాచుచున్నాము. అమ్మమ్మ చీరయంచు ఎట్లుండెడిదని మా చిన్నది అడుగగా, చెప్పగలిగితిమే గాని చూపలేకపోతిమి. జానెడు పేలిక యున్నను చాలియుండెడిది.

ఇపుడు మా పాతచీర కొంగునే ఉండచుట్టి కుట్టుచున్నాము. తొలిరేకులు వంకరపోయినవి, విప్పి మరల మొదలిడితిమి. మీ యింట పెద్దల చీర యేదైన మిగిలియున్న యెడల, గిన్నెలవాని కేక వినబడకమునుపే యొక ముక్క దాచుకొనుడు.