పసివాని నొప్పి - పలు దేశముల కృషి

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణము పలు భాషల కూడలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్రము నుండి పనులకై వచ్చిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చట నివసించుచున్నది. ఇంట తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ వినవచ్చును. పెద్దలు ఏదో విధముగ తమ బాధ చెప్పుకొనగలరు. కాని నాలుగేండ్ల బాలుడు "కడుపు నొప్పమ్మా" యని తెలుగున విలపించినచో, ఆ భాష నెరుగని నర్సుకు నొప్పి తీవ్రత ఎట్లు తెలియును? మాటలే రాని పసికందు సంగతి యేమి?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రమే తగిన శ్రద్ధ చూపలేదు. 1980వ దశకము వరకు నవజాత శిశువులకు నొప్పి అంతగా తెలియదని పలువురు వైద్యులు తలచిరి. మత్తుమందు ప్రమాదకరమను భయముచే, చాలీచాలని మత్తుతో శస్త్రచికిత్సలు జరిగెడివి. భారతదేశమున వైద్యవిద్య నభ్యసించి ఆక్స్‌ఫర్డు చేరిన డాక్టరు కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, సహచరులతో గూడి, నెలలు నిండక పుట్టి శస్త్రచికిత్స పొందిన శిశువులను పరిశీలించెను. ఫెంటనిల్ అను నొప్పినివారిణి నిచ్చిన శిశువుల దేహము తక్కువగా తల్లడిల్లెననియు, తరువాతి చిక్కులు కూడ తగ్గెననియు 1987లో వారు ప్రకటించిరి. మరుసటి యేడు అమెరికాలోని సియాటిల్ నగరమున శిశువుల నొప్పిపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగెను.

నొప్పిని కొలుచుటకును దేశములు చేతులు కలిపినవి. ఆస్ట్రేలియాలో రూపొందిన ముఖచిత్రముల పటమును కెనడా పరిశోధకులు మొదలగువారు సవరించి 2001లో వెలువరించిరి. అందు ఆరు ముఖములు కలవు. నాలుగేండ్లు దాటిన బిడ్డ తన నొప్పికి సరిపోవు ముఖమును వ్రేలితో చూపును. వానిలో చిరునవ్వు గాని కన్నీరు గాని లేదు. ఏలన, ఏడ్వని బిడ్డకును నొప్పి యుండవచ్చును. ఖరగ్‌పూర్ వంటి బహుభాషా పట్టణమునకు ఇట్టి పటము మిక్కిలి ఉపకరించును.

తల్లిదండ్రులు చేయదగినదియు కలదు. టీకాల వేళ బాధ తగ్గించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సులభమైన సూచనలు చేసినది. చంటిబిడ్డను తల్లి ఒడిలో నుంచుకొని, వీలైనచో సూది వేయుటకు కొంచెము ముందు నుండియే పాలు పట్టవలెను. పెద్దపిల్లలను నిటారుగ కూర్చుండబెట్టవలెను. ఒకేసారి పలు టీకాలు వేయవలసినచో, ఎక్కువ నొప్పి కలిగించు దానిని చివర వేయవలెను. "ఏమీ నొప్పి యుండదు" అని బిడ్డతో అబద్ధమాడరాదు. మరుసటిసారి బిడ్డ మిమ్ము నమ్మడు. వైద్యుని అడుగక పెద్దల మాత్రను విరిచి పిల్లల కీయరాదు.

బిడ్డ పాలు మానినను, ముట్టుకొననీయకున్నను, ఆటలు వీడి ముడుచుకొని పడుకొన్నను, అది నొప్పికి గురుతు కావచ్చును. దానిని మొదట గమనించునది తల్లియే. ఆసుపత్రిలో భాష రాదని సంకోచింపక, చూచిన దానిని చేతితోనైన చూపి చెప్పుడు. మీ బిడ్డ తరపున పలుకు మొదటి నోరు మీదే.