ఒకే యాప్, నాలుగు భాషలు

నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డకు దగ్గరలో ఉన్న అహోబిలం పేరు మీరు వినే ఉంటారు. వైష్ణవుల 108 దివ్యదేశాలలో అదొకటి. అందుచేత తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా యాత్రికులు వస్తారు. నంద్యాలలో రైలు దిగి, ఆళ్లగడ్డ మీదుగా బస్సులో వెళ్లవచ్చు. వారికోసం బస్సుల వేళలు తెలిపే యాప్ ఒకటి మీరు తయారుచేస్తున్నారనుకోండి. అది తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు భాషల్లో పనిచేయాలి. అందుకు నాలుగు యాప్‌లు కావాలా? అక్కరలేదు.

కిటుకు ఇది. తెరపై కనిపించే మాటలను ప్రోగ్రాములో నేరుగా రాయకూడదు. ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క గుర్తు పెట్టి, ప్రోగ్రాములో ఆ గుర్తునే రాయాలి. అసలు వాక్యాలు విడిగా పట్టికలలో ఉంటాయి. భాషకొక పట్టిక అన్నమాట. యాత్రికుడు తమిళం ఎంచుకుంటే, అదే గుర్తుకు ఎదురుగా తమిళ పట్టికలో ఉన్న వాక్యం తెరమీదికి వస్తుంది. రేపు హిందీ కావాలంటే మరో పట్టిక చేరిస్తే సరి!

మరి ఫోను ఇన్ని లిపులను ఎలా గుర్తుపడుతుంది? యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. దీని మొదటి ప్రతి 1991లో వెలువడింది. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221, తమిళ 'క' సంఖ్య 2965. సంఖ్యలు వేరు కనుక ఫోను పొరబడదు.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు వ్యాకరణంతో వస్తుంది. ఇంగ్లీషులో ఊరి పేరుకు ముందు 'టు' చేరిస్తే చాలు, పేరు మారదు. అదే పద్ధతిలో తెలుగులో ఊరి పేరు వెనుక 'కు' తగిలించమని ప్రోగ్రాముకు చెప్పామనుకోండి. 'నంద్యాలకు', 'ఆళ్లగడ్డకు' సరిగానే వస్తాయి. కాని 'అహోబిలం' దగ్గర 'అహోబిలంకు' అని వస్తుంది! మనం 'అహోబిలానికి' అంటాం కదా? అందుకే ముక్కలను అతికించకూడదు. ఊరి పేరుకు రెండు రూపాలనూ పట్టికలోనే ఉంచాలి. లేదా 'చేరే ఊరు: అహోబిలం' అని రాయాలి.

మాటల అర్థాలతోనూ జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో 'లాస్ట్ బస్' అంటే 'ఈ రాత్రికి ఆఖరి బస్సు' కావచ్చు, 'ఇప్పుడే వెళ్లిపోయిన బస్సు' కూడా కావచ్చు. యంత్రం రెండో అర్థం తీసుకుంటే, రావలసిన బస్సు వెళ్లిపోయిందనుకుని యాత్రికుడు వెనుదిరుగుతాడు. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రాత్రంతా స్టాండులోనే గడపవలసి రావచ్చు. యంత్రాలు నేడు క్షణాల్లో అనువదిస్తున్నాయి, నిజమే. అయినా ఆ మాట ఎక్కడ, ఎందుకు కనిపిస్తుందో పట్టికలో పక్కనే రాసి ఉంచాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడేవారి చేత ఒకసారి చదివించాలి.

మీ ఊరి చుట్టుపక్కల పది ఊళ్ల పేర్లు రాసి, 'కు' చేర్చి చూడండి. ఎన్ని మారతాయో లెక్కపెట్టండి. యాప్‌కు తెలుగు నేర్పడంలో మొదటి పాఠం అదే.