పగుళ్లకూ ఓ అడంగల్

చూడండర్రా, న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కాంటర్‌బరీ అని ఓ పెద్ద మైదానం ఉంది. ఎటు చూసినా పచ్చికబయళ్లు, గొర్రెలు, పాడిపశువులు. 2010 సెప్టెంబరు 4న తెల్లవారుజామున, ఇంకా కోళ్లు కూడా కూయకముందే, అక్కడ 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. తెల్లారాక రైతులు పొలాలకెళ్లి చూసుకుంటే, తాడు పట్టి వేసినట్టు తిన్నగా ఉండాల్సిన కంచెలు నడిమధ్య వంకరపోయి ఉన్నాయి. కంచె సగం ఇక్కడ, మిగతా సగం నాలుగడుగులు పక్కకి. కొన్నిచోట్ల ఆ తేడా 5 మీటర్లు! రోడ్లదీ అదే కథ. కొలతలకొచ్చిన శాస్త్రవేత్తలకు మాత్రం ఆ కంచెలు వరమయ్యాయి. నిన్నటిదాకా తిన్నగా ఉన్న కంచె ఇవాళ ఎంత పక్కకు పోయిందో చూస్తే చాలు, నేల ఎంత జరిగిందో తేలిపోతుంది. అలా కొలుచుకుంటూ పోతే పగులు దాదాపు 30 కిలోమీటర్లు సాగింది. గ్రీన్‌డేల్ ఫాల్ట్ అని పేరు పెట్టారు.

పేరు పెట్టారని ఎందుకంటున్నానంటే, ముందురోజు వరకూ ఆ ఫాల్ట్ ఏ పటంలోనూ లేదు.

న్యూజిలాండ్ వాళ్లు ఈ విషయంలో అశ్రద్ధ చేసేవాళ్లు కారు. మన పల్లెల్లో ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి సాగు, ఏ పంట అన్నది ఒకప్పుడు కరణం అడంగల్‌లో రాసినట్టే, దేశంలోని చురుకైన ఫాల్టులన్నిటికీ వాళ్లు ఓ డేటాబేస్ నడుపుతున్నారు. ఫాల్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఎటు జరుగుతుంది, సగటున ఏడాదికెన్ని మిల్లీమీటర్లు, ఎన్నేళ్లకోసారి, చివరిసారి ఎప్పుడు... ఇవీ అందులోని గళ్లు. ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. చురుకైనది అనిపించుకోవడానికి గడువు ఎంతనుకున్నారు? గత 1,25,000 ఏళ్లలో ఒక్కసారి కదిలినా చాలు, దాదాపు దేశమంతటా అదే లెక్క. భూమి వయసుతో పోలిస్తే అది నిన్న మొన్నటి మాటే మరి.

ఆ గళ్లు నింపడానికి ఆఫీసులో కూర్చుంటే కుదరదు. ముందు విమానం నుంచి తీసిన ఫోటోలు, లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ పటాలు చూసి అనుమానపు గీతలు పట్టుకుంటారు. తర్వాత గీతకు అడ్డంగా ఓ కందకం తవ్వుతారు. మనిషి నిలబడితే తల మునిగేంత లోతు. గోడను తాపీతో చెక్కి నున్నగా చేస్తే మట్టి పొరలు బయటపడతాయి. కింది పొరలు తెగి ఉంటాయి, ఒకవైపుది పైకో కిందికో జారి ఉంటుంది. ఇంకొంచెం పైకెళితే ఓ పొర ఏ తెగుడూ లేకుండా అడ్డంగా సాగిపోతుంది. అంటే తెగిన పొర ఏర్పడ్డాక, తెగని పొర పడకముందు భూకంపం వచ్చిందన్నమాట. రెంటిలోనూ బొగ్గు ముక్కో ఆకో దొరికితే కార్బన్ పరీక్షకు పంపి తేదీ రాబడతారు. ఆల్పైన్ ఫాల్ట్ దగ్గర హొకూరి అనే వాగు ఒడ్డున ఇలాగే బురద పొరలు లెక్కపెట్టి, 8 వేల ఏళ్లలో 24 భూకంపాలు పట్టుకున్నారు. సగటున 330 ఏళ్లకోటి. ఆ ఫాల్ట్ చివరిసారి కదిలింది 1717 ప్రాంతంలో. ఇక లెక్క మీరే వేసుకోండి.

తేదీలు దొరక్కపోయినా ఓ అడ్డదారి లెక్కుంది. రాజధాని వెల్లింగ్టన్ నడిబొడ్డు గుండా పోయే ఫాల్ట్ ఏడాదికి సుమారు 6 మిల్లీమీటర్లు జరగాలి. కానీ రోజూ జరగదు, రాళ్లు పట్టుకుని బిగుసుకుంటాయి. విడిపోయిన రోజున ఒక్కసారే 5 మీటర్లు గెంతుతుంది. 5000ని 6తో భాగించండి. ఎనిమిది వందల చిల్లర ఏళ్లు. పొడవు తెలిస్తే ఎంత పెద్ద భూకంపమో, జరుగుడు తెలిస్తే ఎన్నాళ్లకోసారో చెప్పొచ్చు. ఇంజనీర్లకు కావలసింది ఆ రెండే.

మరి గ్రీన్‌డేల్ ఎందుకు తప్పించుకుంది? కొండల నుంచి నదులు మోసుకొచ్చిన గులకరాళ్లు ఆ మైదానాన్ని మందంగా కప్పేశాయి. అంతకుముందు ఫాల్ట్ కదిలి 20 వేల ఏళ్లు దాటి ఉంటుంది, ఆ గుర్తు ఎప్పుడో పూడిపోయింది. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్‌లో 185 మందిని బలిగొన్న భూకంపం ఇంకా గడ్డు కేసు. దాని పగులు నేలపైకి రానేలేదు. పటంలో గీయడానికి గీతే లేదు! అందుకే ముప్పు లెక్కగట్టేవాళ్లు ఫాల్టులతో సరిపెట్టుకోకుండా, గీతల్లేని చోట కూడా కొంత ప్రమాదం కలుపుతారు. 1993 భూకంపంలో మన మహారాష్ట్రలోని కిల్లారి గతి గుర్తుందా? అప్పటి మన భూకంప పటంలో అన్నిటికంటే తక్కువ ముప్పున్న మొదటి జోన్‌లో ఉన్న ఊరది. గోదావరి లోయ సంగతి కాస్త నయం, అక్కడి ఫాల్టులు జియలాజికల్ సర్వే (జీఎస్ఐ) 2000లో వేసిన అట్లాస్‌కి ఎక్కాయి. 2024 డిసెంబరు 4న ములుగులో నేల 5.3 తీవ్రతతో కదిలితే హైదరాబాద్ దాకా తెలిసింది.

మళ్లీ న్యూజిలాండ్‌కొస్తే, 2016 నవంబరులో కైకౌరా భూకంపం మరో పాఠం చెప్పింది. ఒక్క భూకంపంలో ఇరవైకి పైగా ఫాల్టులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. వాటిలో కొన్ని అంతవరకూ తెలియనివి. ఒక్కో ఫాల్ట్ తన హద్దులోనే తెగుతుందనుకునే పాత లెక్కలు మార్చుకుని, 2022 ముప్పు నమూనాలో ఒక ఫాల్ట్ నుంచి మరోదానికి గెంతడానికీ చోటిచ్చారు.

ఇదంతా అందరికీ చూపిస్తే స్థలాల ధరలు పడిపోవా అంటారు. భయం ఉంటుంది, కాదనను. దాచిపెట్టడం కన్నా ఇదే నయమని నా మట్టుకు నాకనిపిస్తుంది. పైగా వాళ్ల ప్రభుత్వ సలహా పుస్తకం అడ్డంగా వద్దనదు. ఫాల్ట్‌కు అటూ ఇటూ 20 మీటర్లు వదలమంటుంది, ఆ హద్దులోనూ ఫాల్ట్‌ను బట్టి బేరమాడుతుంది. రెండు వేల ఏళ్లలోపే కదిలేదైతే కొత్త లేఔట్‌లో ఇల్లు వద్దు, పశువుల కొట్టం వేసుకోవచ్చు. పదివేల ఏళ్లకోసారి కదిలేదైతే ఇల్లు కట్టుకో. విపత్తు రోజున తలుపులు తెరిచి ఉండాల్సిన ఆస్పత్రికి మాత్రం 20 వేల ఏళ్లు దాటిన ఫాల్టే కావాలి.