పిస్టన్ పదిలమైతేనే టర్బో
పాత ఇంజనుకు బిగించే ముందు పరీక్షలు తప్పనిసరి

పాత డీజిల్ బండికి టర్బో బిగిస్తే లోడుతోనూ చురుగ్గా లాగుతుందని, ఘాట్ రోడ్డులో మొరాయించదని యజమానులు ఆశిస్తారు. ఆ ఆశలో తప్పు లేదు. అయితే అప్పటికే అరిగిన ఇంజనుకు టర్బో తోడైతే, నెలల తర్వాత రావలసిన నష్టం రోజుల్లోనే వచ్చిపడుతుంది. పిస్టన్ కరిగినా, పట్టేసినా బండి షెడ్డులో నిలిచిపోతుంది. ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు. విజయవాడ ఆటోనగర్‌కో, దగ్గరలోని షెడ్డుకో వెళ్లి టర్బో బేరమాడే ముందు పిస్టన్ల పరిస్థితి తెలుసుకోవడం ఎంతో అవసరం.

బలంతోపాటే భారం
ఇంజను నుంచి వృథాగా పోయే పొగతో టర్బోలోని ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో ఈ విధానానికి పేటెంటు పొందారు. గాలి ఎక్కువగా అందితే డీజిల్‌నూ ఎక్కువగా మండించవచ్చు. దాంతో శక్తి పెరుగుతుంది. పిస్టన్‌పై పడే ఒత్తిడి, వేడి కూడా అదే స్థాయిలో పెరుగుతాయి. పిస్టన్లు సాధారణంగా అల్యూమినియం మిశ్రమంతో తయారవుతాయి. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. వేడి అదుపు తప్పితే ముందుగా దెబ్బతినేది పిస్టనే.

పొగను బట్టి జబ్బు
నీలిరంగు పొగ వస్తుంటే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం. రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చు, లేదా వాల్వు గైడ్ల నుంచి ఆయిల్ దిగుతూ ఉండవచ్చు. నల్లపొగకు గాలి చాలకపోవడం, నాజిళ్లు సరిగా చిమ్మకపోవడం, పంపులో డీజిల్ ఎక్కువగా పెట్టడం కారణాలు. ఇంజను వేడెక్కిన తర్వాతా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ మండకుండా పోతుండవచ్చు, లేదా హెడ్ గ్యాస్కెట్ నుంచి నీళ్లు దిగుతుండవచ్చు. ఇంజను నడుస్తుండగా బ్రీదర్ గొట్టం నుంచి పొగ బలంగా ఎగదన్నుతుంటే రింగులను దాటి ఒత్తిడి కిందికి జారుతున్నట్లే. ఈ స్థితిలో టర్బో ఆలోచన పక్కన పెట్టాలి.

కొలిచి చూడాలి
పొగ అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది. నిర్ధారణకు కొలతలు కావాలి. నాజిల్ స్థానంలో కంప్రెషన్ గేజి బిగించి ఒక్కో సిలిండరును విడివిడిగా పరీక్షించాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతానికి మించితే కారణం వెతకాలి. పిస్టన్‌ను పైకొసన నిలిపి, ఇంజను తిరగకుండా ఆపి, సిలిండరులోకి కంప్రెసరు గాలి పంపితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి శబ్దం వినిపిస్తే రింగులు, లైనర్లది లోపం. సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వుది, గాలి ఫిల్టరు వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వుది. రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్, హెడ్డు చూడాలి.

హెడ్డు విప్పాక
పిస్టన్ తల కరిగి గుంట పడితే నాజిల్, పంపు టైమింగు చూడాలి. పక్కల నిలువు గీతలు పడితే ఆయిల్ అందకపోవడమో, ఇంజను వేడెక్కడమో కారణం. రింగులు మసకబారి సమంగా అరిగితే ఫిల్టరు దాటి దుమ్ము వెళ్లిందని భావించాలి. అసలు కారణం సరిచేయకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారి పడుతుంది.

ఇవి మార్చాలి
టాటా 697 ఇంజను టర్బో లేకుండానూ, టర్బోతోనూ వచ్చింది. రెండింటి బోరూ 97 మిల్లీమీటర్లే. బోరు ఒకటే కదా అని పాత పిస్టన్‌తోనే సరిపెట్టుకోరాదు. టర్బో ఇంజనుకు కంపెనీ సూచించిన పిస్టన్, రింగుల సెట్టు, గ్యాస్కెట్ వాడాలి. వేడికి రింగు సాగుతుంది. కొసల మధ్య సందు తక్కువైతే అవి ఒకదానికొకటి తగిలి రింగు బిగుసుకుంటుంది, పిస్టన్ గాడి విరుగుతుంది. కాబట్టి సందును మాన్యువల్‌లోని టర్బో కొలత ప్రకారమే ఉంచాలి. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు ఆ ఇంజనుకు ఉండాలేమో చూసుకోవాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది గనుక ఇంటర్‌కూలరు ఉంటే మేలు. పంపులో డీజిల్‌ను ఒకేసారి పెంచకుండా, టర్బోకు ముందు ఉష్ణమాపకం బిగించి చూస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. లోడులో అది 700 డిగ్రీల వైపు వెళ్తుంటే డీజిల్ తగ్గించాల్సిందే.

చట్టం మరవొద్దు
వాహనంలో మార్పులను 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2019 సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పునకు యజమానికి ఒక్కో మార్పుపై రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిముకూ చిక్కు రావచ్చు. పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

పరీక్షల్లో ఇంజను నెగ్గకపోతే టర్బోకు దాచిన సొమ్మును ముందు లైనర్లు, పిస్టన్లు, నాజిళ్లకు ఖర్చు చేయడమే లాభం. చాలా బండ్లు ఆ మరమ్మతుతోనే పోయిన లాగుడును తిరిగి అందుకుంటాయి. టర్బో అవసరమా, కాదా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.