వేపపుల్ల, నువ్వుల నూనె, కుళాయి నీళ్లు: పళ్ల మీద అపోహలు – వాస్తవాలు

టొరంటోలోని స్కార్‌బరోలో మార్ఖమ్ రోడ్డు మీదున్న ఏ దేశీ కిరాణా కొట్టుకు వెళ్లినా వేప పేస్టు, ఎర్ర పళ్లపొడి, బొగ్గు పేస్టు, లవంగ నూనె, రాగి నాలుకబద్ద ఒకే అరలో కనిపిస్తాయి. ఇవి కాక ఊరి నుంచి సూట్‌కేసుల్లో వచ్చేవి వేరే. వీటిలో కొన్ని నిజంగా పనికొస్తాయి, కొన్ని పళ్లను అరగదీస్తాయి. కొన్నింటికి మనం లేని శక్తులు అంటగట్టాం. పన్ను వైద్యానికి వందల డాలర్లు అయ్యే దేశంలో ఉంటున్నాం కాబట్టి ఏది ఏమిటో తేల్చుకోవాలి.

అపోహ: ఫ్లోరైడ్ విషం. నల్గొండలో చూశాం కదా, ఇక్కడ దాన్నే నీళ్లలో కలిపి ఇస్తున్నారు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు పెరిగినవాళ్లకు గోధుమరంగు చారలు పడ్డ పళ్లు, వంగిపోయిన కాళ్లు, నడుం ఎత్తలేని పెద్దలు చిన్నప్పటి నుంచీ తెలుసు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. అంత బాధ చూసిన జిల్లావాళ్లు ఫ్లోరైడ్ పేరు వింటే ఉలిక్కిపడటంలో తప్పేముంది?

అయితే నల్గొండలో జబ్బు తెచ్చింది మోతాదు. నేలకింద గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి నీళ్లలో కరిగింది, జనం ఆ బోరు నీళ్లనే తాగారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెడితే, కొన్ని బోర్లలో అది దానికి ఎన్నో రెట్లు ఉండేది. స్కార్‌బరో కుళాయిలో వచ్చేది అంటారియో సరస్సు నీరు. వెస్ట్ హిల్ దగ్గర సరస్సు ఒడ్డునున్న ఎఫ్.జె. హోర్గన్ కేంద్రం లాంటి చోట్ల దాన్ని శుద్ధి చేస్తారు. టొరంటో నగరం 1963 నుంచి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతోంది. లక్ష్యం లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, అంటే పై హద్దులో సగానికంటే తక్కువ.

అంత కొంచెం ఏం చేస్తుంది? మనం తిన్న తీపిని నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్‌లను లాగేస్తుంది. లాలాజలం వాటిని తిరిగి అందిస్తుంది. ఆ సమయంలో నోట్లో కాస్త ఫ్లోరైడ్ ఉంటే కొత్తగా ఏర్పడే పొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. కాల్గరీ నగరం 2011లో నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మానేసింది, అదే రాష్ట్రంలోని ఎడ్మంటన్ మానలేదు. తర్వాత పరిశోధకులు రెండు నగరాల పిల్లల పళ్లను పోల్చి చూస్తే కాల్గరీ పిల్లలకే పుచ్చుపళ్లు ఎక్కువగా కనిపించాయి. 2021లో అక్కడి ఓటర్లు ఫ్లోరైడ్ మళ్లీ కావాలన్నారు, 2025లో అది మళ్లీ నీళ్లలోకి వచ్చింది.

పిల్లల తెలివితేటలు తగ్గుతాయన్న వాట్సాప్ సందేశాల సంగతి కూడా చూద్దాం. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఇచ్చిన నివేదిక అలాంటి సంబంధాన్ని ప్రస్తావించింది నిజమే. కానీ అది చెప్పింది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ల గురించి. అమెరికాలో కలిపే 0.7 మోతాదు మీద తేల్చి చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవని అదే నివేదిక అంది.

హైదరాబాద్ అలవాటు కొద్దీ చాలా ఇళ్లలో సింకు కింద ఆర్‌ఓ బిగిస్తారు. అది ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. బిగించుకోవడం మీ ఇష్టం. కాకపోతే ఇంట్లో పిల్లలు ఆ నీళ్లే తాగుతూ, ఫ్లోరైడ్ లేని ‘సహజ’ పేస్టే వాడుతుంటే వాళ్ల పళ్లకు రెండు వైపుల నుంచీ రక్షణ పోయినట్టే. వేప పేస్టు కొనేటప్పుడు పెట్టె వెనక ఫ్లోరైడ్ ఉందో లేదో చదవండి. రెండూ ఉన్నవి దొరుకుతాయి. కెనడా నిబంధనల్లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టు కూడా ‘సహజ ఆరోగ్య ఉత్పత్తుల’ కోవలోకే వస్తుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలు. అంతకంటే చిన్నవాళ్లకు పుచ్చే ముప్పు ఉందని డాక్టరు చెబితే బియ్యపు గింజంత పెట్టాలి. మింగకుండా ఉమ్మించాలి.

అపోహ: ఆయిల్ పుల్లింగ్‌లో నూనె తెల్లబడిందంటే ఒంట్లో విషాలన్నీ బయటికొచ్చినట్టు.

తెలుగువాళ్లలో దీనికున్నంత ఆదరణ ఇంకెక్కడా లేదేమో. చరక, సుశ్రుత సంహితల్లో నోట్లో నూనె పట్టి పుక్కిలించే గండూషం, కవలం ఉన్నా, మన ఇళ్లలోకి ఇది ‘ఆయిల్ పుల్లింగ్’ పేరుతో వచ్చింది 1990లలో, తుమ్మల కోటేశ్వరరావు ప్రచారంతో. నూనె తెల్లబడటానికి కారణం లాలాజలంతో కలిసి చిలకబడటమే. గిన్నెలో నూనె, లాలాజలం పోసి గిలకొట్టినా అదే రంగు వస్తుంది. కీళ్లనొప్పులు, మధుమేహం తగ్గుతాయనడానికి ఆధారం లేదు.

అలాగని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. నువ్వుల నూనెతో పుక్కిలిస్తే పాచి, నోటి దుర్వాసన కొంత తగ్గాయని తమిళనాడులో జరిగిన చిన్న పరిశోధనలు చెప్పాయి. బ్రష్ చేసుకుంటూ, అదనంగా ఇదీ చేస్తామంటే అభ్యంతరం లేదు. పుచ్చిన పన్ను మాత్రం దీనితో పూడదు. చిన్నపిల్లలతో చేయించకండి. నూనె పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ఒక రకం న్యుమోనియా వస్తుంది. అలాంటి కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇక్కడి చలికి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. జనవరిలో సింకులో ఉమ్మితే గొట్టంలోనే పేరుకుంటుంది కాబట్టి కాగితంలో ఉమ్మి చెత్తబుట్టలో వేయండి.

అపోహ: తాతలు వేపపుల్లతో, కచ్చికతో తోముకునేవారు, నూరేళ్లు పళ్లు ఊడలేదు.

ఊడినవాళ్లను మనం లెక్కలోకి తీసుకోం. బోసినోటి తాతలూ అమ్మమ్మలూ ప్రతి ఊళ్లో ఉండేవారు. గట్టిగా ఉన్నవాళ్ల విషయంలో కూడా ఘనతంతా పుల్లది కాదు. రోజుకు ఇన్నిసార్లు చక్కెర టీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు వాళ్లకు లేవు.

పందుంపుల్లలో మంచి ఉంది. కొస నమిలితే కుంచెలా విచ్చుకుంటుంది, దానితో నిదానంగా రుద్దితే పాచి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలవాటున్న ప్రాంతాల్లో పుల్లల వాడకాన్ని ప్రోత్సహించింది. కానీ దవడ పళ్ల వెనక వైపుకు అది అందదు, దానిలో ఫ్లోరైడ్ కూడా ఉండదు. పైగా వేప ఈ చలికి బతకదు. ఇక్కడ దొరికే ఎండు పుల్ల చిగురును గీరేస్తుంది.

కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి, ఎర్రమన్ను కలిసిన పళ్లపొడి వేరే కథ. వీటితో తోమితే పళ్లు మెరిసేది గరుకుతనం వల్లే. మరకతో పాటు ఎనామిల్ కూడా అరుగుతుంది. ఒకసారి పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు, ఎందుకంటే దాన్ని తయారుచేసే కణాలు పన్ను మొలిచేసరికే అంతరిస్తాయి. అది పలచబడితే లోపలి పసుపు పొర బయటపడుతుంది. తెల్లబరచాలని మొదలుపెట్టిన పళ్లు ఇంకా పచ్చగా కనిపిస్తాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటాయి. బొగ్గు పేస్టులు మేలు చేస్తాయనడానికి గానీ, సురక్షితమనడానికి గానీ చాలినంత ఆధారం లేదని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. నిమ్మచెక్కతో రుద్దడం అన్నింటికంటే హాని. ఎనామిల్ కరగడం పి.హెచ్. 5.5 దగ్గరే మొదలవుతుంది, నిమ్మరసం 2 చుట్టుపక్కల ఉంటుంది.

అపోహ: బెల్లం, తేనె, ఖర్జూరం సహజమైనవి, పళ్లకు ఏమీ కావు.

సూక్ష్మజీవికి చక్కెర, బెల్లం రెండూ ఒకటే. బెల్లం, ఖర్జూరం పళ్లకు అంటుకుని ఎక్కువసేపు ఉంటాయి కూడా. ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. నైట్ షిఫ్టులో గంట గంటకూ తీపి టీ చప్పరిస్తూ ఉంటే నోటికి తేరుకునే వ్యవధే దొరకదు.

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తే బ్రష్ ఆపేయాలి.

ఆపితే పాచి పెరిగి రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచును వదలకుండా, రెండు నిమిషాలు తోమాలి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. రెండు వారాలైనా తగ్గకపోతే చూపించుకోవాలి. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట నిజం కాదు. పళ్ల మధ్య నిండిన గార పోయాక సందు ఖాళీ అయినట్టు అనిపిస్తుంది, అంతే.

అపోహ: లవంగ నూనె పెడితే నొప్పి పోయింది, కాబట్టి పన్ను బాగైంది.

లవంగంలోని యూజినాల్ నిజంగానే మొద్దుబారుస్తుంది, దంతవైద్యులు కూడా దాన్ని వాడతారు. కానీ పుచ్చు లోపల అలాగే ఉంటుంది. కొన్నాళ్లు బాధించి ఉన్నట్టుండి నొప్పి ఆగిపోతే పంటి లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. చీము పట్టేది ఆ తర్వాతే. చిక్కటి లవంగ నూనెను నేరుగా పూస్తే చిగురు కాలుతుంది.

ఇక్కడ మనవాళ్లు పన్ను నొప్పిని మాత్రలతో అణిచిపెట్టి, ‘ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుందాం’ అంటూ నెట్టుకొస్తారు. ఈలోగా చిన్న పుచ్చు రూట్ కెనాల్ దాకా పోతుంది. మామూలు పంటి వైద్యం ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఓహిప్‌లో లేకపోయినా దారులున్నాయి. కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్ 2025లో అన్ని వయసులవారికీ తెరుచుకుంది. పళ్ల బీమా వేరే లేకుండా, కుటుంబ ఆదాయం 90,000 డాలర్ల లోపు ఉండి, ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. తక్కువ ఆదాయ కుటుంబాల్లో 17 ఏళ్ల వరకు పిల్లలకు హెల్దీ స్మైల్స్ అంటారియో పథకం ఉంది. విద్యార్థులు కాలేజీ బీమాలో పళ్ల వైద్యం ఉందేమో చూసుకోవాలి, చాలాచోట్ల ఉంటుంది. దవడ వాచి జ్వరం వస్తే, మింగడం కష్టమైతే, నోరు తెరవలేకపోతే మాత్రం ఏ పథకం కోసమూ ఆగకుండా అదే పూట ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ మందులిచ్చి పంపినా, పన్ను సంగతి చూడ్డానికి మర్నాడే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలి.