ఈస్టర్ రోజు మాకు డ్యూటీ ఉంటుంది

గుడ్ ఫ్రైడేకి కువైట్‌లో ఎవరినీ సెలవు అడగక్కర్లేదు. ఈస్టర్‌కే ఇబ్బంది. ఇక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన రోజు మాకు కావలసినంత తీరిక. మధ్యాహ్నం మూడింటిదాకా చర్చిలో కూర్చుని ఏడు మాటల మీదా ప్రసంగాలు వింటాం. ఆయన లేచిన ఆదివారం మాత్రం పనిరోజు. తెల్లవారి 5 గంటలకల్లా క్యాంపు గేటు దగ్గర బస్సు ఎక్కాలి. అందుకే మా పండగ మూడింటికి మొదలై నాలుగున్నరకు ముగిసిపోతుంది. గదిలో రెండంతస్తుల మంచాలు గోడవారకు నెట్టి, కింద చాపలు పరిచి, పక్కగదుల వాళ్లకు నిద్ర చెడకుండా చిన్న గొంతుతో పాడుకుంటాం. ఒకందుకు ఇదీ బాగానే ఉంది. ఆ స్త్రీలు సమాధి దగ్గరకు వెళ్లింది కూడా ఇంకా చీకటి ఉండగానే కదా!

ఊళ్లో అయితే ఈ పాటికి అందరూ సమాధుల తోటలో ఉంటారు. గోదావరి జిల్లాల్లోనూ, కృష్ణా, గుంటూరు వైపూ పెరిగిన క్రైస్తవులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ముందురోజే గడ్డి చెక్కి, సమాధులకు సున్నం కొడతారు. తెల్లవారుజామున కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని పాటలతో బయల్దేరతారు. స్మశానంలో పండగేంటని పక్క పేటల వాళ్లు చిన్నప్పుడు మమ్మల్ని ఆటపట్టించేవారు. అప్పట్లో మాకు జవాబు తెలిసేది కాదు. ఇప్పుడు మాలో చాలామందికి అక్కడ ఒక నాన్నో, ఒక తాతో ఉన్నారు. సున్నం కొట్టడానికి మాత్రం తమ్ముళ్లకు డబ్బులు పంపుతున్నాం.

క్రైస్తవ విశ్వాసం అంతా ఈ ఒక్క తెల్లవారుజాము మీదే నిలబడి ఉందని చెప్పింది పౌలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో దాపరికం లేకుండా రాశాడు. క్రీస్తు లేవకపోతే మా బోధా దండగే, మీ విశ్వాసమూ దండగే అన్న అర్థంలో. పునాది తేలిపోతే పైన ఎన్ని అంతస్తులు వేసినా ఏం లాభం? ఆ ఉత్తరం సంఘటన జరిగిన పాతికేళ్ల లోపే రాసిందని పండితులు అంటారు. చూసినవాళ్లలో చాలామంది అప్పటికి ఇంకా బతికే ఉన్నారని కూడా అందులో ఉంది. ఇక నాలుగు సువార్తలూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలేనని చెబుతాయి. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్దగా విలువ ఇచ్చేవారు కాదు. కథ అల్లేవాళ్లయితే అలా అల్లరని మా అయ్యగారు ప్రతి ఏడాదీ చెబుతారు. ప్రతి ఏడాదీ మాకు బాగానే ఉంటుంది.

ఆ సమాధి ఉన్న చోటని చెప్పే యెరూషలేము గుడిని అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు ‘కనీసత్ అల్ ఖియామా’ అంటారు, అంటే పునరుత్థాన దేవాలయం. కట్టుబడి పనిలో ఉన్నాం కాబట్టి అక్కడి మరమ్మతుల సంగతి మాకు ఆసక్తి. సమాధి మీది మందిరం కూలకుండా 1947 నుంచి చుట్టూ ఇనప దూలాలు కట్టి ఉంచారు. 2016లో ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం పని మొదలుపెట్టి, అక్టోబర్‌లో పాలరాతి పలక జరిపి చూసింది. లోపలి మాలు పరీక్షిస్తే కాన్‌స్టాంటైన్ కుటుంబం ఏలిన నాలుగో శతాబ్దానిదని తేలింది. 2017 మార్చికి పని పూర్తయ్యి, ఆ దూలాలు తీసేశారు. మాలు వయసు ల్యాబులో తేలుతుంది. ఆ రాతి అర ఎందుకు ఖాళీ అయిందో మాత్రం తేలదు.

ఓడిపోయినవాడికి ఇంత జోరా?

అసలు చిక్కు అక్కడ లేదు. మూడో రోజున లేచాడనడం మాకు కష్టం కాదు. లేచి చెడును ఓడించాడనడమే కష్టం. క్రితం ఏడాది కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ప్రార్థన అయ్యాక అడిగాడు. “అన్నా, సాతాను ఓడిపోయాడంటున్నారు. మరి ఓడిపోయినోడు ఇంత జోరుగా ఉన్నాడేంటి?” వాడు వీసాకని ఏజెంటుకు పోసిన డబ్బు తీరడానికే రెండేళ్లు పడుతుంది. ఎయిర్‌పోర్టు కార్గో వైపు వెళ్లే పెట్టెల సంగతి కూడా అప్పటికే విన్నాడు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

మాలో పెద్దాయన ఒకరు, స్టీల్ మేస్త్రీ, ఈ దేశం సంగతే చెప్పి జవాబిచ్చారు. కువైట్‌కు విముక్తి వచ్చింది 1991 ఫిబ్రవరి 26న. ఆ రోజుతో యుద్ధం తేలిపోయింది, ఎవరు గెలిచారో లోకానికి తెలిసిపోయింది. కానీ వెళ్తూ వెళ్తూ ఇరాక్ సైన్యం అంటించిన 600కు పైగా చమురు బావులు ఆ తర్వాత కూడా నెలల తరబడి మండుతూనే ఉన్నాయి. పట్టపగలు ఆకాశం నల్లగా ఉండేదట. ఆఖరి బావి ఆర్పింది నవంబర్‌లో. ఇసుకలో పాతిన మందుపాతరలైతే ఏళ్ల తరబడి తీశారు. “మంటలు కనబడుతున్నాయి కదా అని ఇరాక్ గెలిచిందంటామా? మంటలు ఆర్పేవాడికి దేశం ఎవరిదో తెలుసు, అందుకే భయం లేకుండా ఆర్పుతాడు” అన్నారాయన. మేము విన్న ప్రసంగాల్లో ఇంతకంటే బాగా చెప్పినవి తక్కువ.

2025లో తూర్పు సంఘాల ఈస్టర్, మన ఈస్టర్ ఒకే రోజు వచ్చాయి, ఏప్రిల్ 20న. సైట్‌లో మాతో పనిచేసే ఈజిప్టు కాప్టిక్ మేస్త్రీ ఉదయం ఎదురవగానే “అల్ మసీహ్ ఖామ్” అన్నాడు, క్రీస్తు లేచాడని. టీ వేళ ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. తూర్పు సంఘాల వాళ్ల పునరుత్థాన చిత్రం. ఖాళీ సమాధి, పక్కకు దొర్లిన రాయి అందులో ఉండవు. క్రీస్తు పాతాళం తలుపులు విరగదొక్కి వాటి మీద నిలబడి ఉంటాడు. కింద తాళాలు, గడియలు, మేకులు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను పైకి లాగుతుంటాడు. వాళ్ల అరచేతులు కాదు, మణికట్టు పట్టుకుని. చెయ్యి అందించే ఓపిక కూడా వాళ్లకు లేదన్నట్టు. గోతిలో పడ్డవాణ్ని మేమూ అలాగే లాగుతాం.

ఆ బొమ్మ చూస్తూ మా పన్నెండో మనిషిని తలుచుకున్నాం. రెండు రోజుల ముందే అతను మాకు ఎదురయ్యాడు.

చీటీ సంగతి

2023లో మేము 12 మందిమి కలిసి చీటీ వేసుకున్నాం. నెలకు 30 దినార్లు. మూడో నెల చీటీ మాలోని షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను అడిగాడు, చెల్లెలి పెళ్లి ఉందని. 360 దినార్లు లెక్కబెట్టి చేతిలో పెట్టాం. నాలుగో నెల చీటీ రోజుకు మనిషి లేడు. కంపెనీ వదిలి వెళ్లిపోయాడు, ఫోన్ స్విచాఫ్. తొమ్మిది నెలల కంతులు, 270 దినార్లు, మిగిలిన 11 మంది నెత్తిన పడ్డాయి. ఒకరి బిడ్డ కాలేజీ ఫీజు ఆగింది. ఇంకొకరు వడ్డీకి తెచ్చారు. మాలో మాకే అనుమానాలు, తగాదాలు.

ఇంతవరకు చెబితే తప్పంతా అతనిదే అవుతుంది. మేము చేసింది కూడా చెప్పాలి. అతని పెట్టె, దుప్పట్లు తీసుకెళ్లి చెత్త డబ్బా దగ్గర పారేశాం. ఒక రాత్రి స్పీకర్ పెట్టి ఊళ్లో వాళ్లమ్మకు ఫోన్ చేశాం. ఆమెకు ఏమీ తెలియదని రెండు మాటల్లోనే అర్థమైంది. అయినా ఆగలేదు. పెళ్లయిన కూతురి గురించి కూడా అనరాని మాటలన్నాం. ఆమె ఏడుస్తుంటే పెట్టేశాం. మర్నాడు శుక్రవారం యథాప్రకారం చర్చికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం.

అతను 2025 గుడ్ ఫ్రైడే నాడు చర్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కువైట్ సిటీలోని ఆ ఆవరణ తెలిసినవాళ్లకు తెలుసు. 1931లో కట్టిన పాత గుడి చుట్టూ హాళ్లు, ఒక భాష వాళ్లు బయటికొస్తుంటే ఇంకో భాష వాళ్లు లోపలికి వెళ్తుంటారు. ఆ గుంపులో మేము చూడకుండా పోవచ్చు, అతనూ తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. 2024లో కువైట్ ప్రభుత్వం అకామా లేనివాళ్లకు క్షమాభిక్ష పెట్టినప్పుడు కాగితాలు సరిచేయించుకున్నాడట. వేరే కంపెనీలో పని. జేబులోంచి 40 దినార్లు తీశాడు. మాలో ఇద్దరు మొహం తిప్పుకుని వెళ్లిపోయారు. డబ్బు తీసుకున్నవాళ్లం కూడా పలకరించలేదు.

ఆ రాత్రి గదిలో వాదన. ప్రభుత్వం క్షమించింది, మనమేనా మిగిలామని ఒకరన్నారు. ప్రభుత్వం చీటీ కట్టలేదు కదా అని ఇంకొకరు.

పెద్దాయన యోహాను సువార్త 21వ అధ్యాయం తీశారు. లేచిన తర్వాత యేసు పిలాతు దగ్గరకు వెళ్లలేదు. కయప ఇంటి ముందు నిలబడి ఇప్పుడేమంటావని అడగలేదు. మాకైతే మొదట అదే తోచేది. ఆయన వెళ్లింది పారిపోయిన తనవాళ్ల దగ్గరకు. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడని జాలరుల కోసం ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టుకుని కూర్చున్నాడు. గ్రీకు మూలంలో ఆ బొగ్గుల నిప్పుకు వాడిన మాట కొత్త నిబంధన మొత్తం మీద రెండే చోట్ల వస్తుందట. ఒకటి ఇక్కడ. రెండోది ప్రధాన యాజకుడి వాకిట్లో, పేతురు చలి కాచుకుంటూ ఆయనెవరో తెలియదన్న చోట. తెలియదని మూడుసార్లు అన్నవాణ్ని, ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. అంటే లెక్క అడిగాడు, వదిలెయ్యలేదు. కాకపోతే ముందు తిండి పెట్టి, తర్వాత అడిగాడు.

క్షమించడమంటే బాకీ మర్చిపోవడమేమోనని అప్పటిదాకా అనుకున్నాం. అందుకే కుదరలేదు. తోమా చూసినప్పుడు ఆ చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి కదా. లేచిన దేహానికి కూడా మచ్చలు పోలేదు.

ఆదివారం తెల్లవారుజామున ప్రార్థనకు రమ్మని అతనికి మెసేజ్ పెట్టాం. మూడున్నరకు వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు. మొహం తిప్పుకున్న ఇద్దరిలో ఒకరు లోపల ఉన్నారు, ఒకరు రాలేదు, ఇప్పటికీ మాట్లాడరు. ఆయన్ని మేము బలవంతపెట్టలేదు, ఆయన నష్టం ఆయనది. పాటలయ్యాక రాత్రి వండిన చేపల పులుసు, ఖుబ్బూస్ అందరం తిన్నాం. పాత చీటీ పుస్తకం తీసి అతని పేరు కింద 40 జమ వేసి, మిగతా 230కి నెలకు 10 చొప్పున రాసుకున్నాం. అతను సంతకం పెట్టాడు.

ఒక్కటి మిగిలిపోయింది. వాళ్లమ్మకు ఎవరు ఫోన్ చెయ్యాలని మేము నసుగుతుంటే అతనే కలిపి మా చేతిలో పెట్టాడు. మాకు నాలుగూ నలభై, అక్కడ ఏడూ పది. సమాధుల తోట నుంచి అప్పుడే ఇంటికొచ్చిందట. అమ్మా, ఆ రోజు మాట్లాడింది మేమే అన్నాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మీ డబ్బులు మీకు అందాయా బాబూ?” అంది. కొంత అందిందమ్మా, అది కాదు అని ఇంకా ఏదో చెప్పబోతుంటే కింద గేటు దగ్గర బస్సు హారన్ కొట్టాడు. “ఫోన్ పెట్టెయ్యకండి, మెట్లు దిగుతూ మాట్లాడండి” అన్నాడతను, హెల్మెట్లు అందిస్తూ.