రంది గోలీ: లెక్క తప్పితే మందే ముప్పు

"పది దినాలు ఏసుకున్న, ఏం ఫరక్ రాలే, బంద్ జేసిన." "నిద్ర పడ్తలేదని ఒకటికి రెండు ఏసుకున్న." "మా బావకు రాసిన గోలీలే తెచ్చుకున్న, ఇద్దరిదీ ఒక్కటే రంది గదా!" డిప్రెషన్‌కు గోలీలు వాడేటోళ్ల నోట ఊర్లల్ల ఇనొచ్చే మాటలు గివే. మూడింట్ల ఉన్న తప్పు ఒక్కటే. మోతాదును డాక్టర్ కాకుండ మనమే ఖరారు జేసుకునుడు.

పంట పోతెనో, నౌకరి రాకపోతెనో రంది పడుడు సహజమే. కానీ రెండు వారాలు దాటినా రోజంతా దిగులు పోక, దేని మీద మనసు పెట్టబుద్ధిగాక, తిండి, నిద్ర, పని అన్నీ దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు. జెరంత ఉంటే మాటలతోని చేసే చికిత్సతోనే తగ్గుతది. ఎక్కువుంటే గోలీలు రాస్తరు. అవి మంచిగనే పనిజేస్తయి. కాకపోతే వాటికో లెక్కుంటది.

మొదటి లెక్క: చిన్నగ మొదలువెట్టుడు. పెద్దోళ్లకు ఎస్సిటాలోప్రామ్ అయితే మామూలుగ రోజుకు 5 లేదా 10 మిల్లీగ్రాములతోని మొదలైతది, 20 దాటనియ్యరు. అరవై ఐదేండ్లు దాటినోళ్లకు సాధారణంగ 10తోనే ఆపుతరు. సెర్ట్రాలిన్ అయితే 25 లేదా 50తోని మొదలు, అవసరాన్ని బట్టి 200 దాకా పోతరు. అట్లని 50 పెద్ద డోసు, 10 చిన్న డోసు అనుకోవద్దు. ఎస్సిటాలోప్రామ్ 10, సెర్ట్రాలిన్ 50 దాదాపు ఒక్క తీరే. మందు మారితే అంకె అర్థం కూడ మారుతది. ఒక్కటే పేరు మీద 5, 10, 20 పట్టీలు వేరువేరుగ దొరుకుతయి. గందుకే కొత్త పట్టీ కొన్నప్పుడల్లా పేరుతోపాటు అంకెను కూడ చీటీతోని సరిచూసుకోవాలె. లివరు, కిడ్నీ, వయసు, వాడే ఇతర మందులు అన్నీ చూసే డాక్టర్ డోసు రాస్తడు. బావ చీటీ నీకు పనికి రానిది గందుకే.

రెండో లెక్క: ఓపిక. ఈ గోలీలు నొప్పి గోలీల తీరుగ గంటల పనిజేయవు. కడుపుల తిప్పుడు, తలనొప్పి, నిద్ర తేడా అసొంటివి మొదటి వారంలనే వస్తయి. చానమందికి మెల్లగ తగ్గుతయి. మేలు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకు కనవడుడు మొదలైతది, పూరాగ తెలిసేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడ్తది. పదోరోజు బంద్ జేసినోడు తిప్పలన్నీ పడ్డడు, ఫలితం రాకముందే పోయిండు.

పాతికేండ్ల లోపోళ్లు ఇంకో ముచ్చట యాదికుంచుకోవాలె. మందు మొదలువెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు కొందరికి చావు ఆలోచనలు పెరగొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004ల పిల్లల విషయంల ఈ హెచ్చరిక పెట్టి, 2007ల దాన్ని 24 ఏండ్ల దాకా పెంచింది. మందు వాడొద్దని కాదు దీని అర్థం. ఆ వారాలల్ల ఇంట్లోళ్లు కనిపెట్టుకోని ఉండాలె, డాక్టర్‌ను జల్ది కలువాలె. ఉన్నట్టుండి నిద్ర అక్కెరలేనట్టు తిరుగుడు, ఆపకుండ మాట్లాడుడు, పైసలు ఇష్టమొచ్చినట్టు పెట్టుడు కనవడ్డా డాక్టర్‌కు చెప్పాలె.

మూడో లెక్క: ఆపుడు కూడ మెల్లగనే. మంచిగైనంక కూడ కనీసం ఆరు నెలలు అదే డోసు నడిపియ్యమంటరు. తర్వాత వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తరు. ఒక్కసారి ఆపితే తల తిరుగుడు, తలల కరెంటు కొట్టినట్టు అనిపించుడు, చికాకు, పిచ్చి కలలు రావచ్చు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌తోని ఈ బాధ ఎక్కువ. దీన్ని చూసి "గోలీకి బానిసైన" అనుకుంటరు. కానీ కల్లు, సారా కోసం గుంజినట్టు ఈ గోలీ కోసం మనసు గుంజదు. ఒంటికి అలవాటైన మందు తటాలున ఆగినందుకు వచ్చే తిప్పలే అవి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూటకు రెండు కలిపి ఏసుకోవద్దు.

ఊర్ల ఆరెంపీ దగ్గరికి పోయినా, వేరే డాక్టర్ దగ్గరికి పోయినా ఈ గోలీ సంగతి దాచొద్దు. ట్రమడాల్ అసొంటి నొప్పి మందు దీనితోని కలిస్తే వణుకుడు, చెమటలు, జ్వరం, గుండె దడ, తికమక రావచ్చు. అట్లయితే ఆలస్యం జేయకుండ దవాఖానకు పోవాలె. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తోడైతే కడుపుల రక్తం కారే ముప్పు పెరుగుతది. అమిట్రిప్టిలిన్ అనే పాత మందు డోసు మించితే గుండెకే ప్రమాదం. రోగికి చావు ఆలోచనలుంటే గోలీలు ఇంట్లోళ్ల దగ్గరనే పెట్టుకోని ఏ పూటకాపూట ఇయ్యాలె.

మన ఊర్లల్ల గోలీలు నడిమిట్ల ఆగేది తెల్వకనే కాదు. మనసు డాక్టర్ దగ్గరికి పట్నం పోవాలంటే ఒకరోజు కూలి పోతది, బస్సు కిరాయి అయితది. ఇగ ఇంట్ల పట్టీ కనవడితే "పిచ్చి గోలీలు" అంటరని సిగ్గు. బీపీ గోలీ అందరి ముంగట ఏసుకుంటం, గిది మాత్రం దిండు కింద దాస్తం. దాచిన గోలీ గురించి ఎవ్వరినీ అడుగలేం, అడుగలేక మనమే డోసు మారుస్తం. బీపీ మందు లెక్కనే ఈ మందు, సలహా కూడ మండలంలనే దొరకాలని సర్కారును గట్టిగ అడుగాలె. అందాక చేతిల ఉన్నది టెలి మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, నంబరు 14416, పైసలు గట్టేది లేదు, రాత్రీపగలూ తెలుగుల మాట్లాడుతరు.

నీ దోస్తు రంది గోలీ ఏసుకుంటున్నడని తెలిస్తే నవ్వకు. "ఇయ్యాల ఏసుకున్నవా? మళ్ల డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోవాలె? నేను గూడ వస్త" అను.